రెమేయి దాచిన వాసన

ఆ ఆదివారం ఉదయం రెమేయి వంటింట్లో బాదంపప్పులు మాడిపోయాయి.

పెనం మీద బాదం, హేజల్ గింజలు వేసి, దుప్పటి ఆరేసి వద్దామని పెరట్లోకి వెళ్లింది. పక్కింటావిడ గోడమీంచి పలకరించింది. ఫిబ్రవరి చలి గురించి, రాబోయే కార్నివాల్ గురించి నాలుగు మాటలయ్యాయి. తిరిగి వచ్చేసరికి వంటిల్లంతా మాడు కంపు. బెనెత్ మాత్రం పొయ్యికి వీపు పెట్టి, బల్ల దగ్గర కూర్చుని తాపీగా రొట్టె ముక్కకి టమాటా రుద్దుకుంటున్నాడు.

రెమేయి పెనం దించి కిటికీలు బార్లా తెరిచింది.

"ఈ చలిలో కిటికీలెందుకు తెరుస్తావు?" అన్నాడు బెనెత్.

"గింజలు మాడిపోయాయి."

టమాటా రుద్దుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఆ, తెలుస్తూనే ఉంది. నువ్వే వస్తావు కదా అని ఊరుకున్నాను."

రెమేయి నల్లబడ్డ గింజలు చెత్తబుట్టలో పోసి, కొత్తవి వేయించడం మొదలుపెట్టింది.

కిందటేడు కాక అంతకు ముందు చలికాలంలో బెనెత్‌కి జ్వరం వచ్చింది. వారం రోజుల్లో జ్వరం తగ్గింది, వాసన పట్టే ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ఆ సంగతి అతను భార్యతో చెప్పలేదు. ఆమె అడగలేదు. వైన్‌కి పేరుపొందిన తమ ఊరు సాంత్ సదుర్నిలో బెనెత్ ముక్కంటే ఒక పేరుంది. గ్లాసు పైకెత్తి, ఈ ద్రాక్ష కొండవాలుదా, వాగు పక్కదా అని చెప్పేవాడు. అలాంటి మనిషి పాలు విరిగాయో లేదో తెలియక గిన్నె వైపు అనుమానంగా చూస్తూ నిలబడటం రెమేయి ఒకరోజు తలుపు చాటునుంచి చూసింది. చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఆమే అతనికి ముక్కు అయింది. చేప వడ్డిస్తూ "ఇవాళ వెల్లుల్లి కాస్త ఎక్కువైనట్టుంది" అనేది. "అవును, ఎక్కువే" అనేవాడు అతను. తమ వైన్ నేలమాళిగ చూడటానికి ఎవరైనా వస్తే గ్లాసు ముందు తనే అందుకుని, "ఆపిల్ వాసన కదూ, వెనకాల కొంచెం సోంపు" అనేది. అతను ఆ మాటనే పట్టుకుని, దానికి రంగులద్ది అరగంట చెప్పేవాడు. వచ్చినవాళ్లు మురిసిపోయి వెళ్లేవారు. ఆ రాత్రి అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి పడుకునేవాడు. ఆ చేతి బరువులో ఒక కృతజ్ఞత ఉండేది. దాన్ని వదులుకోవడానికి రెమేయికి మనసొప్పేది కాదు.

ఆ మురిపెంలోనే కూతురు చేజారిపోయింది.

లూసియా వాళ్లకి ఒక్కతే కూతురు. వైన్ బడిలో చదువుకుని వచ్చి, తండ్రి పక్కన నిలబడి నాలుగు పంటలు చేసింది. కిందటి మార్చిలో, కొత్త వైన్‌ని సీసాల్లోకి ఎక్కించే ముందు, పెద్ద ట్యాంకు దగ్గర ఆగిపోయింది. ఆ ట్యాంకులో ఉన్నది షరెల్లో ద్రాక్ష వైన్. ఆ ఏడాది సరుకంతటికీ అదే ఆధారం.

"నాన్నా, ఇందులో కుళ్లిన గుడ్డు వాసనొస్తోంది. గాలి తగిలేలా ఇంకో ట్యాంకులోకి మార్చాలి. ఇలాగే సీసాల్లో పోసి మూత బిగిస్తే ఇక పోదు."

బెనెత్ గ్లాసులో ముక్కు పెట్టాడు. "నాకేం రావడం లేదు."

"ఇంత గట్టిగా వస్తుంటే..."

"నువ్వు పుట్టకముందు నుంచి ఈ వాసనలు చూస్తున్నాను. బడిలో నేర్చుకున్న ముక్కు అన్నిచోట్లా తప్పులే పసిగడుతుంది."

ఇద్దరు పనివాళ్లు గొట్టాలు పట్టుకుని చూస్తున్నారు. లూసియా మొహం ఎర్రబడింది. అప్పుడే కాఫీలు పట్టుకుని మెట్లు దిగిన తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చూడు. నువ్వు చెబితే ఒప్పుకుంటాను."

రెమేయి గ్లాసు అందుకుంది. ముక్కు దాకా తేవాల్సిన పని కూడా లేకపోయింది. కోళ్లగూట్లో మరిచిపోయిన గుడ్డు పగిలినట్టు గుప్పుమంది. ఆమె తలెత్తి భర్త మొహం చూసింది.

"నాకూ ఏం తెలియడం లేదమ్మా," అంది.

లూసియా ఆమె వైపు చాలాసేపు చూసింది. నెల తిరక్కుండా దూరాన రెకేనాలో ఏదో నేలమాళిగలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. క్రిస్మస్‌కి రాలేదు. మర్నాడు మాంసం కూరిన పాస్తా, కనెలోన్స్ విందుకీ రాలేదు. పెద్ద పళ్లెం నిండా చేసిన కనెలోన్స్ సగం మిగిలిపోతే, రెమేయి వాటిని నాలుగు రోజులు వేడి చేసుకుంటూ తింది.

మొన్న గురువారం ఫోన్ మోగింది. "ఆదివారం షతో చేస్తున్నావా? వస్తాను," అంది లూసియా. అంతే. ఆ మాటకే రెమేయి రెండు రోజులుగా షతోలో వేసే ఉప్పుచేపని నీళ్లు మార్చి మార్చి నానబెట్టింది.

*

పన్నెండు దాటాక ఎవుదాల్ వచ్చాడు. బెనెత్‌కి చిన్ననాటి స్నేహితుడు, సముద్రం ఒడ్డున విలనోవాలో అతనికి ఫలహారశాల ఉంది. ప్రతి ఏడూ కార్నివాల్ ముందు వచ్చి, కొత్త కావా, అంటే ఆ ఊరి బుడగల వైన్, రుచి చూసి, ఆ ఏడాదికి సరిపడా సీసాలు చెప్పి వెళ్తాడు. అతను చెప్పినదాన్ని బట్టే చుట్టుపక్కల తక్కినవాళ్లూ కొంటారు.

"షతో మా ఊళ్లో పుట్టింది రెమేయీ. మీ కొండవైపు వాళ్లు దాన్ని దొంగిలించారు," అన్నాడు కోటు విప్పుతూ.

"పుట్టించిన వాళ్లకి చెయ్యడం రాదు కాబట్టే ఇంత దూరం తినడానికి వచ్చావు."

"నోరు చూడరా బెనెత్, నీ పెళ్లాంది. సాస్ కంటే ఘాటు."

లూసియా అప్పుడే లోపలికి వచ్చింది. చిక్కిపోయింది. తండ్రికి రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టింది. తల్లిని కావలించుకుంది గానీ తొందరగా వదిలేసింది. "ఎవుదాల్ బాబాయ్, నువ్వు ఇంకా లావయ్యావు," అంది. అందరూ నవ్వారు. రెమేయికి కాస్త ఊపిరాడింది.

బల్ల మీద ఎండు సాసేజి ముక్కలు, ఆలివ్‌లు, బీన్స్ వేసిన ఆమ్లెట్. మధ్యలో పెద్ద పళ్లెంలో షతో: వంకీలు తిరిగిన చేదు ఆకుల మీద ఉప్పుచేప పీలికలు, ట్యూనా, ఉప్పులో ఊరిన చిన్నచేపలు, పైన బాదం, ఎండుమిరప గుజ్జు, వెల్లుల్లి, వెనిగర్ కలిపి నూరిన ఎర్రటి సాస్.

"జనం కావాని కేకు వచ్చేదాకా దాచి చివర్లో తాగుతారు," అన్నాడు ఎవుదాల్ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంటూ. "తీపి మీద తాగితే పాపం దాని నోరు నొక్కేసినట్టే. దానికి ఇదిగో, ఇలాంటి ఉప్పు కావాలి, నూనె కావాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లకి వేయించిన చిన్నచేపలు పెట్టి, పక్కన మీ వాడి సీసా తెరుస్తాను. మళ్లీ మళ్లీ అడుగుతారు."

బెనెత్ మొహం వెలిగింది. నేలమాళిగ నుంచి చల్లటి సీసా తెచ్చి, చప్పుడు రాకుండా బిరడా తిప్పి తీశాడు. కిందటి మార్చిలో ఎక్కించిన సరుకు. దాన్ని బయట మనిషికి పోయడం ఇదే మొదలు. బుడగలు దారంలా పైకి లేచాయి. చూడటానికి ఎంతో బాగుంది.

రెమేయి తన గ్లాసు ముట్టుకోకముందే ఆ వాసన తగిలింది. ఏడాదంతా సీసాలో మగ్గి గుడ్డు కంపు మారింది. గిన్నెలో నిన్నటి ఉల్లిపాయలు ఉడికి చల్లారిపోయినట్టుంది.

ఎవుదాల్ గ్లాసులో ముక్కు పెట్టాడు. తీశాడు. ఒక చిన్న గుక్క తాగి రొట్టె ముక్క అందుకున్నాడు.

బెనెత్ భార్య వైపు చూశాడు. రోజూ చూసే చూపే. మాట అందిస్తుందని ఎదురుచూసే చూపు. రెమేయి చెంచా అందుకుని షతో వడ్డించసాగింది.

"బుడగలు సన్నగా ఉన్నాయి," అన్నాడు ఎవుదాల్ ఎటో చూస్తూ.

"నువ్వేమంటావు లూసియా?" అన్నాడు బెనెత్. అతని గొంతులో కవ్వింపు ఉంది, కొంచెం భయమూ ఉంది.

లూసియా రెండుసార్లు వాసన చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి, మళ్లీ విడిపోయాయి. "బాగుంది నాన్నా," అంది.

బెనెత్ కుర్చీలో వెనక్కి వాలాడు. రెమేయి మాత్రం చెంచా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. మర్యాద కోసం అబద్ధం చెప్పే పిల్ల కాదు లూసియా.

కొత్త పళ్లాల కోసం రెమేయి వంటింట్లోకి వెళితే లూసియా వెనకే వచ్చింది.

"అమ్మా, సాస్‌లో ఉల్లిపాయ ఏమైనా వేశావా?"

"షతోలో ఉల్లిపాయ ఎవరేస్తారే?"

"అయితే నాదే," అంది లూసియా, తనలో తను అనుకున్నట్టు. "గ్లాసులో నాకు ఉడికిన ఉల్లిపాయ వాసన వచ్చింది. సరేలే."

"నాదే అంటే?"

లూసియా పళ్లాలు తీసి ఒకదాని మీద ఒకటి పెడుతూ మామూలుగా చెప్పింది. "నేను ఇప్పుడు రుచి చూసే పనిలో లేను. చేరిన రెండు నెలలకే మానేశాను. ఆఫీసులో సీసాలకి లేబుళ్ల సంగతి చూస్తున్నాను. గ్లాసు ఎత్తితే ఏదో ఒకటి తోస్తుంది, నిజంగా ఉందో లేదో తేల్చుకోలేను. ముక్కు డాక్టర్‌కి కూడా చూపించాను. ఏమీ లేదన్నాడు."

"మరెందుకే మానేశావు?"

"నాన్న కాదంటే పట్టించుకునేదాన్ని కాదు. ఆయన మొండి. కానీ నువ్వు కూడా ఏమీ లేదన్నావుగా. నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు." పళ్లాలు ఎత్తుకుంది. "పద, వాళ్లు చూస్తుంటారు."

రెమేయి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. కూతురు అలిగి వెళ్లిందనుకుంది ఇన్నాళ్లూ. అలక ఎప్పటికైనా తీరుతుందని సర్దిచెప్పుకుంది. పిల్ల వెళ్లేటప్పుడు తన మాటని నమ్మి, మూటలా కట్టుకుని తీసుకెళ్లిందని ఏనాడూ తోచలేదు.

*

"ఎవుదాల్," అంది రెమేయి భోజనాల గదిలోకి వచ్చి. కూర్చోలేదు. "ఈ వైన్ ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పు."

ఎవుదాల్ నోట్లో ఉన్నది మింగాడు. "ఇవాళ చేప కొంచెం ఘాటుగా..."

"చేపకేం రోగం లేదు. వైన్ సంగతి అడుగుతున్నాను."

"రెమేయీ, కూర్చో," అన్నాడు బెనెత్.

"ఉడికిన ఉల్లిపాయ కంపు. కిందటేడు ట్యాంకులో ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు. లూసియా సరిగ్గానే చెప్పింది. నాకు ఆ రోజే తెలిసింది. తెలిసీ, ఏమీ లేదన్నాను."

లూసియా చేతిలో పళ్లాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?" బెనెత్ లేచాడు. "బయటి మనిషి ముందు..."

"ఇన్నాళ్లూ బయటి మనుషుల ముందే గదా ఈ ఆటంతా ఆడాం. పొద్దున్న నీ వీపు వెనకాల గింజలు మాడి బొగ్గయ్యాయి బెనెత్. నీకు తెలియలేదు. రెండేళ్లనుంచి నీకు ఏ వాసనా తెలియదు."

బెనెత్ గ్లాసు బల్లమీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లిపోయాడు.

ఎవుదాల్ నెమ్మదిగా లేచి కోటు వేసుకున్నాడు. "వాడి మీద కోపం తెచ్చుకోకు. ఫలహారశాల నడిపేవాణ్ని, నాకు తెలియదా, పోయిన సారే వాడి ముక్కు మీద అనుమానం వచ్చింది. నేనూ అడగలేదు." గుమ్మం దగ్గర ఆగి, మొహమాటంగా, "సాస్ కొంచెం ఏదైనా డబ్బాలో పెట్టివ్వు," అన్నాడు. రెమేయి పెట్టిచ్చింది. మూత పెడుతుంటే కొంత అతని చొక్కా కఫ్ మీద ఒలికింది.

అతను వెళ్లాక తల్లీకూతుళ్లిద్దరే మిగిలారు.

"ఒక్క మాట," అంది లూసియా. "తర్వాత ఫోన్‌లో అయినా సరే. 'నువ్వు చెప్పింది నిజమేనే, మీ నాన్న కోసం అలా అన్నాను' అని ఒక్క మాట చెబితే సరిపోయేదమ్మా. ఎవరికీ చెప్పేదాన్ని కాదు."

"చెబితే నువ్వు నన్ను..."

"నేను నిన్ను ఏమనుకుంటానో అని భయపడ్డావు. నేను నా గురించి ఏమనుకుంటున్నానో అడగలేదు."

రెమేయి బల్ల మీద చెయ్యి చాపింది. లూసియా ఆ చేతిని పట్టుకోలేదు, పక్కకి తోసెయ్యనూ లేదు.

కింద సీసా తెరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మెట్లు దిగారు.

చెక్క పలకల్లో తలకిందులుగా గుచ్చిన సీసాల వరసల మధ్య బెనెత్ పీపా మీద గ్లాసులు పేర్చి పెట్టుకున్నాడు. ఒక్కోటీ ఎత్తి ముక్కు పెడుతున్నాడు. దించుతున్నాడు. చొక్కా ముందు భాగం తడిసిపోయింది.

"నీళ్లు," అన్నాడు వాళ్లని చూసి. "అన్నీ నీళ్లే. చల్లగా ఉంటుంది, నాలిక మీద గుచ్చుకుంటుంది. అంతే."

"ఇక చాలు, పైకి రా," అంది రెమేయి.

"నీకు తెలుసని నాకు తెలుసు," అన్నాడు అతను. "ఆ రోజు నువ్వు గ్లాసు పట్టుకుని నా మొహం చూశావు. అందులో ఏమీ లేకపోతే నా మొహం చూడాల్సిన పనేముంది? అప్పుడే అర్థమైంది, పిల్ల చెప్పింది నిజమని. వైన్ పాడైందని తెలిసే సీసాల్లో పోయించాను."

రెమేయి భర్తని కాపాడుతున్నాననుకుంది. కాపాడటానికి అక్కడేమీ మిగల్లేదన్నమాట. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నటిస్తూ కూర్చున్నారు.

"ఇద్దరికీ తెలుసు," అంది లూసియా. "ఇద్దరికీ తెలిసి, నన్ను వెళ్లనిచ్చారు."

బెనెత్ తల దించుకున్నాడు. "అవును. గుమ్మం దాకా వచ్చి నీ పెట్టె కారులో పెట్టాను కూడా. ఉండమని అందామనుకున్నాను. అంటే కారణం చెప్పాలి." అతని భుజాలు అదిరాయి. అంత పెద్ద మనిషి గ్లాసుల మధ్య నిలబడి, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

లూసియా వెళ్లి, తండ్రి చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టింది. తన రుమాలుతో అతని చొక్కా తుడవసాగింది, చిన్నపిల్లాడికి తుడిచినట్టు.

"ఈ ఏడాది ట్యాంకులు ఇంకా సీసాల్లోకి పోలేదు," అన్నాడు బెనెత్ కొంచెం తేరుకుని. "నువ్వు చూస్తానంటే ఉంచుతాను. లేదంటే ద్రాక్షతోటతో సహా ఎవరికైనా ఇచ్చేస్తాను. నిన్నేమీ అడగను."

"రేపు నేను రెకేనా వెళ్లాలి."

"తెలుసు."

"శని, ఆదివారాలు వస్తాను. అంతకు మించి మాటివ్వలేను నాన్నా. నాకు ఇంకా చేతనవుతుందో లేదో కూడా తెలియదు."

*

పైకి వచ్చేసరికి షతో ఆకులు సాస్‌లో నాని మెత్తబడ్డాయి. ఎవరూ మళ్లీ బల్ల సర్దలేదు. వంటింట్లోనే నిలబడి తినసాగారు. పొద్దుటినుంచి ముగ్గురూ సరిగ్గా తిన్నది లేదు. లూసియా పాత సరుకులోంచి ఒక సీసా తెచ్చింది. జ్వరానికి ముందు బెనెత్ తన ముక్కుని నమ్మి కలిపినది. చక్కెర కలపనిది. మూడు మామూలు నీళ్ల గ్లాసుల్లో పోసింది.

బెనెత్ తన గ్లాసు పట్టుకుని, భార్య వైపు తిరగబోయి ఆగాడు. కూతురి వైపు తిరిగాడు. "ఎలా ఉందో చెప్పమ్మా. నిజంగా తెలియకే అడుగుతున్నాను."

లూసియా గ్లాసు ముక్కు దగ్గర పెట్టింది. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

ఈ పిల్ల ఆరేళ్లప్పుడు బడి నుంచి వస్తూ వీధి మొదట్లోనే అరుస్తూ చెప్పేది, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో. ఒక్కసారి కూడా ఆగి ఆలోచించేది కాదు. గ్లాసులో ఏముందో రెమేయికి తెలుస్తూనే ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఊరుకుంది. చెప్పే హక్కు తనకి లేదు, ఇవాళ అసలే లేదు.

"పియర్ పండు," అంది లూసియా చివరికి. ఆగింది. "కాల్చిన రొట్టె ఉన్నట్టుంది." మళ్లీ ఆగింది. "ఉంది."

"దీంతో ఏం తినాలి?"

"ముందు ఉప్పుచేప పెట్టుకో. నమిలి, మింగకుండా ఒక గుక్క తాగు. ఉప్పుని బుడగలు కడిగేస్తాయి. నోరు మళ్లీ కొత్తగా అవుతుంది."

బెనెత్ అలాగే చేశాడు. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలాడు. "కడిగేసింది," అన్నాడు. "అది తెలుస్తోంది. ఇంకా చెప్పు."

లూసియా ఇంకా చెప్పింది. ఒక్కో మాటకీ ముందు ఆగుతూ, అది నిజమా కాదా అని లోపల తడుముకుంటూ, నెమ్మదిగా చెప్పింది. బెనెత్ తలూపుతూ విన్నాడు. రెమేయి పంపు తిప్పి, కడగాల్సిన పని లేని పళ్లాన్ని కడుగుతూ నిలబడింది. కూతురు తిరిగి వచ్చింది, కనీసం శని, ఆదివారాలకి. అది చాలు అనుకోవడానికి ప్రయత్నించింది. కానీ ఆ ఆగడం ఉంది చూశారూ, మాటకీ మాటకీ మధ్య ఆ చిన్న తడబాటు, దాన్ని ఆ పిల్ల నోట్లో పెట్టింది తనే. అది ఎప్పటికి పోతుందో, అసలు పోతుందో లేదో రెమేయికి తెలియలేదు. నీళ్లు పారుతుంటే, కన్నీళ్లు తుడుచుకోకుండా, వెనకాల ఆ గొంతు ఆగిన ప్రతిసారీ తనూ ఊపిరి బిగబట్టి వింటూ ఉండిపోయింది.